పీఠికమీది బిళ్ళలు



నా చిన్నతనమున తాలూకా కచ్చేరీనుండి బిళ్ళబంట్రోతు వచ్చుచున్నాడన్న మాట వినబడగనే మా ఊరి రచ్చబండ సర్దుకొని కూర్చుండెడిది. ఆ వచ్చువాడెవరో, ఏ ఊరివాడో ఎవరికిని తెలియదు. అతని డవాలుమీది ఇత్తడి బిళ్ళను మాత్రము అందరు నెరుగుదురు. అన్ని కచ్చేరీల బిళ్ళలును ఒక్కతీరుగా నుండుట, వానిని సర్కారే ఇచ్చుట, ఈ రెండే ఆ గౌరవమునకు కారణములు. బంట్రోతులు ఎవరికి తోచిన బిళ్ళను వారు చేయించుకొని తగిలించుకొనియుండినచో, ఆ ఇత్తడికి చెంబుపాటి విలువయైనను ఉండెడిది కాదు.

నేడు నేను మనవి చేయబోవునదియు బిళ్ళలను గూర్చియే. ఇవి ఇత్తడివి కావు. ఓపెన్ సోర్సు సాఫ్టువేరుల పీఠికాపత్రములపై, కంప్యూటరు తెరమీద వరుసగా కనబడు చిన్న రంగుబిళ్ళలు. వీనికి బ్యాడ్జిలని పేరు. పల్లెటూరి పెద్దలకు వీనితో నేమి పని యని మీరడుగవచ్చును. నేనును మొదట అట్లే అనుకొంటిని. ఒక బాలిక వ్రాసిన ఆటవెలదికి వీనివలన అన్యాయము జరిగిన పిమ్మట, ఇది నాకును పట్టిన విషయమే యని తెలిసికొంటిని.

మొదట ఓపెన్ సోర్సు అనగా నేమో చెప్పెదను. కంప్యూటరు చేయు ప్రతి పనికిని వెనుక మనుష్యులు వ్రాసిన పాఠమొకటి యుండును. దానినే ప్రోగ్రామందురు. కొందరు ఆ పాఠమును దాచి, దాని ఫలితమును మాత్రము అమ్ముదురు. మరికొందరు ఆ పాఠమును అందరి ఎదుట పెట్టి, చదువుడు, దిద్దుడు, ఇతరులకు పంచుడని అనుమతి ఇత్తురు. 1983లో రిచర్డ్ స్టాల్మన్ అను నాతడు గ్నూ అను పేరుతో నిట్టి స్వేచ్ఛాసాఫ్టువేరు ప్రయత్నమును ప్రకటించెను. 1991లో లీనస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లాండు దేశపు విద్యార్థి లినక్సును వెలువరించెను. ఓపెన్ సోర్సు అను పేరు 1998లో వాడుకకు వచ్చెను. మీ మనుమల చేతిలోని ఆండ్రాయిడు ఫోనులకు మూలాధారము ఆ లినక్సే. ఊరుమ్మడి చెరువువలె ఇవి అందరి సొత్తు. పూడిక తీయుటకు ఎవరు వచ్చినను రావచ్చును.

అయితే ఉమ్మడి చెరువు మన కన్నులయెదుట నుండును. గండి పడినచో తెలియును. ఈ సాఫ్టువేరుల సంగతి అట్లు కాదు. వ్రాసినవాడు ఏ దేశమున నున్నాడో తెలియదు. అది నేడు సరిగా పనిచేయుచున్నదో, రెండేండ్లనుండి పాడుబడియున్నదో పైకి కనబడదు. కావున ప్రతి సాఫ్టువేరునకును ముందొక పత్రము నుంచుట ఆచారమైనది. దాని పేరు రీడ్‌మీ. నన్ను చదువుమని దానికర్థము. మన గ్రంథములకు పీఠిక యెట్టిదో దీనికి అది అట్టిది. ఇది యేమి చేయును, ఎట్లు తెచ్చుకొనవలెను, సందేహము వచ్చిన ఎవరినడుగవలెను అను సంగతులు అందుండును. ఆ పీఠికకు శిరస్సున, పేరునకు దిగువను, ఈ బిళ్ళలు పేర్చబడియుండును.

ఒక్కొక్క బిళ్ళ చిటికెనవ్రేలి గోరంత యుండును. అందు రెండు భాగములు. ఎడమభాగము సాధారణముగా బూడిదరంగు. అచట విషయము పేరుండును. కుడిభాగమున ఫలితమును, దానికి తగిన రంగును ఉండును. పరీక్షలు నెగ్గినచో ఆకుపచ్చ, తప్పినచో ఎరుపు, నడుమస్థితికి పసుపు లేక నారింజ, సంగతి తెలియనప్పుడు బూడిదరంగు, కేవలము సమాచారమైనచో నీలము వాడుట పరిపాటి. 2011లో మొదలైన ట్రావిస్ సి.ఐ. అను పరీక్షాసేవవలన ఇట్టి బిళ్ళలు విరివిగా వ్యాపించెను. తరువాత ఒక్కొక్క సేవవారు ఒక్కొక్క ఆకారమున బిళ్ళలిచ్చుటచే పీఠికలు అతుకుల బొంతలవలె తయారైనవి. 2013లో మొదలైన షీల్డ్స్ అను ఓపెన్ సోర్సు సేవ, అనేక చోట్లనుండి సమాచారము గ్రహించి, అన్ని బిళ్ళలను ఒకే అచ్చులో పోసి ఇచ్చు పని పెట్టుకొన్నది.

బిళ్ళ పుట్టువిధమును తెలిసికొనుట ముఖ్యము. పీఠికలో నిజముగా నుండునది బొమ్మ కాదు, బొమ్మ యొక్క చిరునామా. మనము పుటను తెరచినప్పుడు ఆ చిరునామాకు కబురు పోవును. అచటి సేవ పరీక్షల దస్తరమును చూచి, అప్పటి ఫలితమునుబట్టి బిళ్ళను గీసి పంపును. నడుమనున్న యంత్రములు పాత బొమ్మను కొంతసేపు దాచియుంచుటచే స్వల్పమైన ఆలస్యము కలుగవచ్చును. ఏమైనను ఇది జీవమున్న బిళ్ళ. ఇట్లు గాక, నెగ్గినది అను మాటను ఆకుపచ్చ రంగున శాశ్వతముగా వ్రాయించి తగిలించుకొనుటకును వీలున్నది. ఇది జీవము లేని బిళ్ళ. చూచువారికి రెండింటికిని భేదము తెలియదు. నేను చెప్పబోవు కథయంతయు ఈ భేదమునుండియే పుట్టినది.

నావద్ద తెలుగు చదువుకొనిన శిష్యుడొకడు ఇప్పుడు హైదరాబాదులో సాఫ్టువేరు ఉద్యోగము చేయుచున్నాడు. పద్యమనిన వానికి చిన్ననాటినుండియు మక్కువ. తీరిక వేళలలో వాడొక ఓపెన్ సోర్సు ప్రోగ్రామును వ్రాసెను. పద్యపాదమును దానికిచ్చినచో గురులఘువులు గుర్తించి, గణములు విభజించి, యతిప్రాసలు సరిచూచి చెప్పును. లక్షణ విషయములలో నన్ను సంప్రదించుచుండెను. ఆ పని నాలుగు భాగములుగా నుండెను: గణవిభజన, యతి, ప్రాస, ఈ మూడింటి ఫలితములను జనులకు చూపు పుట. నాలుగింటికి నాలుగు పీఠికలు. నాలుగింటిమీదను బిళ్ళలు, అయితే నాలుగును నాలుగు విధములు.

ఒకనాడు ఒక పల్లె పాఠశాలనుండి తెలుగు ఉపాధ్యాయిని నాకు ఫోను చేసెను. ఆమె తరగతిలో తొమ్మిదవ తరగతి బాలిక యొకతె ఆటవెలది వ్రాసినదట. ప్రోగ్రామునకు చూపగా మొదటి పాదమున గణభంగమని చెప్పినదట. పీఠికమీద పచ్చబిళ్ళను చూచి ఆమె దానిని నమ్మి, ఆ పాదమును ఎఱ్ఱసిరాతో కొట్టివేసినదట. బాలిక వ్రేళ్ళమీద లెక్కపెట్టి చూపి, తప్పు లేదనినను వినలేదట. అప్పటినుండి ఆ పిల్ల పద్యము వ్రాయుట మానివేసినది. ఆమెకే మనస్సు నిలువక, మీరొకసారి చూడుడని పాదమును చదివి వినిపించెను. నేను లెక్కపెట్టితిని. మూడు సూర్యగణములు, రెండు ఇంద్రగణములు చక్కగా కుదిరినవి. పద్యము నిర్దుష్టము.

తప్పు ఎక్కడ జరిగినదో శిష్యుడు వెదకి చెప్పెను. సంయుక్తాక్షరమునకు ముందున్న అక్షరము గురువగునని మీకు తెలియును. కాని తెలుగున రెండు వేర్వేరు పదములైనప్పుడు, మొదటి పదపు కడపటి అక్షరము ఆ కారణమున గురువు కానక్కరలేదు. నాదు ప్రేమ యనుచో దువర్ణము లఘువే. నాదు అనునది హగణము, సూర్యగణములలోనిది. శిష్యుడు రెండు మాసములక్రితము ప్రోగ్రామును చురుకుగా చేయదలచి, పదముల నడిమి ఖాళీలను ముందే తొలగించునట్లు మార్చెను. ఖాళీ పోగానే రెండు పదములు ఒకటైనవి. దువర్ణము గురువైనది. హగణము పోయి రెండు గురువుల గగమైనది; అది సూర్యగణము కాదు. బాలిక పద్యమునకు భంగము వచ్చినది.

ఇట్టి పదములతో పరీక్షావాక్యములను నేనే వానికి వ్రాసి యిచ్చియుంటిని. వానిని నడిపియుండినచో ఆ మార్పు జరిగిననాడే తప్పు బయటపడెడిది. తక్కిన మూడు భాగములకు, పాఠము మారినప్పుడెల్ల పరీక్ష దానంతట అదే జరుగు ఏర్పాటు చేసెను. గణవిభజనకు మాత్రము తరువాత చేసెదనని వాయిదా వేసి, పీఠిక బోసిగా నుండునని నెగ్గినట్లు వ్రాసిన జీవము లేని పచ్చబిళ్ళను ముందుగా తగిలించెను. పరీక్ష జరుగలేదు. బిళ్ళ మాత్రము పచ్చగానే యుండెను.

సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు వాడు మా అరుగుమీద తలవంచుకొని కూర్చుండి, “మాస్టరుగారూ, ఆ బిళ్ళలన్నియు తీసివేసెదనండి” అనెను. “తప్పుడు రాయిని మార్చవలెను గాని, త్రాసును పారవేయుదురటరా?” అని నేనంటిని. ఆ దినమంతయు మేమిద్దరమును కూర్చుండి నాలుగు పీఠికలకును వర్తించు నియమములను వ్రాసికొంటిమి. కంప్యూటరు సంగతి వానికి తెలియును. ముప్పదియేండ్లు హాజరుపట్టీలును, మార్కుల రిజిష్టరులును వ్రాసినవాడను గనుక లెక్క నిజముగా నుండుట యెట్లో నాకు తెలియును.

మొదటి నియమము: మారు సంగతిని చెప్పు బిళ్ళను చేతితో వ్రాయరాదు. పరీక్షాఫలితమును పరీక్షయే చెప్పవలెను. పరీక్ష లేనిచో బిళ్ళయు లేకుండవలెను. బోసితనము సిగ్గుపడవలసినది కాదు.

రెండవది: ఏ ప్రతిని పరీక్షించితిమో బిళ్ళ స్పష్టముగా పట్టుకొనవలెను. ఈ పనిలో చిత్తుప్రతులు ననేకముండును. వానిని శాఖలందురు. జనులు వాడుకొను సాపుప్రతి యొకటి యుండును. బిళ్ళ చిరునామాలో ముఖ్యశాఖ పేరును చేర్చినచో దాని ఫలితమునే చూపును. చిత్తుప్రతిలోని తప్పునకు సాపుప్రతి ఎఱ్ఱబడరాదు. చిత్తుప్రతి నెగ్గినదని సాపుప్రతి పచ్చబడరాదు.

మూడవది: నాలుగు పీఠికలయందును ఒకే బిళ్ళలు, ఒకే వరుస, ఒకే ఆకారము, ఒకే మాట. మొదట పరీక్ష. తరువాత పరీక్షావ్యాప్తి, అనగా ప్రోగ్రాములో నూటికెంత భాగము పరీక్షలో నడచినదను లెక్క. మూడవది వెలువరించిన ప్రతి సంఖ్య. నాలుగవది అనుమతిపత్రము పేరు. ఇంతకుముందు ఒకచోట నెగ్గినది అనియు, మరొకచోట సరి అనియు, ఇంకొకచోట మంచిస్థితి అనియు ఉండెను. మూడింటికిని ఒకటే అర్థమో, భేదమున్నదో చదువరి కెట్లు తెలియును?

ఈ మూడవ నియమమునకు మీకు పరిచితమైన దృష్టాంతమొకటి కలదు. పురుగుమందు డబ్బాను చూడుడు. ఏ కంపెనీదైనను దానిమీద కోణముమీద నిలిపిన చతురస్రమొకటి యుండును. దాని దిగువభాగపు రంగునుబట్టి విషతీవ్రత తెలియును. ఎరుపు అత్యంత విషము. దాని తరువాత పసుపు. ఆ తరువాత నీలము. అన్నిటికంటె తక్కువది ఆకుపచ్చ. చదువురాని రైతు సహితము రంగును చూచి జాగ్రత్తపడును. కంపెనీ కొక రంగు, కంపెనీ కొక ఆకారము పెట్టనిచ్చినచో ఆ చతురస్రమువలన ప్రాణములు దక్కునా? మరియొక సంగతి కూడ గమనింపుడు. పచ్చచతురస్రమున్నదని ఆ మందును ఎవరును త్రాగరు. పచ్చయనగా విషము లేదని కాదు, తక్కువయని. అట్లే పరీక్షాబిళ్ళ పచ్చగా నున్నదనిన, వ్రాసిన పరీక్షలు నెగ్గినవని మాత్రమే అర్థము. వ్రాయని పరీక్షలను గూర్చి అది యేమియు చెప్పదు. వ్యాప్తి నూటికి నూరున్నను అంతే. పాఠమంతయు అప్పగించినవాడు అర్థమంతయు గ్రహించినట్లు కాదుగదా!

నాలుగవది: బిళ్ళలు కొలదిగా నుండవలెను. ఎందరు మెచ్చుకొనిరి, ఎందరు దించుకొనిరి అను బిళ్ళలు కూడ దొరకును. పెండ్లికొడుకు మెడలో దండలవలె ఇరువది బిళ్ళలు వ్రేలాడదీసిన పీఠికలను శిష్యుడు నాకు చూపెను. అందు ముఖ్యమైన ఎఱ్ఱబిళ్ళ యున్నను కంటికానదు. ఈ విషయమున పరిశోధన కూడ జరిగినది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఎన్‌పీఎం అను భాండారములోని సుమారు మూడు లక్షల ఓపెన్ సోర్సు మూటలను పరిశీలించి 2018లో ఫలితములు ప్రకటించిరి. పరీక్షాఫలితము, పరీక్షావ్యాప్తి, ఆధారపడిన ఇతర మూటలు తాజాగా నున్నవా లేవా అనునట్టి, వెనుక తనిఖీ యున్న బిళ్ళలు చాలవరకు నమ్మదగిన సూచనలేనని వారు తేల్చిరి. వెనుక తనిఖీ యుండుటయే అందలి కీలకము.

అయిదవది: రంగు ఒక్కదానినే నమ్ముకొనరాదు. ఎరుపునకును పచ్చకును భేదము తెలియని కన్నులు లోకమున నున్నవి. కావున రంగుతోబాటు మాటయు నుండవలెను. చూపు లేనివారికి కంప్యూటరు పుటను చదివి వినిపించును. వారికొరకు ప్రతి బిళ్ళకును వెనుక మాటలలో వివరణ వ్రాయవలెను. బిళ్ళను నొక్కినచో ఆ ఫలితమునకు ఆధారమైన పరీక్షా దస్తరము తెరచుకొనవలెను. సాక్షి చిరునామా లేని వాఙ్మూలమును ఏ పంచాయతీయు అంగీకరింపదు.

ఆరవది: మూడు మాసములకొకసారి ప్రతి బిళ్ళను నొక్కి చూడవలెను. ఏలయన బిళ్ళలిచ్చు సేవలును శాశ్వతములు కావు. ఇందాక చెప్పిన ట్రావిస్ వారి మొదటి ఉచిత సేవాస్థానము 2021 జూనులో మూతపడినది. చిరునామా మార్చుకొనని పీఠికలపై ఆ బిళ్ళలు నిజము చెప్పలేనివైనవి. తూనికరాళ్ళకు ముద్ర వేయించినను, గడువు తీరగనే మరల వేయింపవలెనని సర్కారు నియమమున్నది. దీనికిని అట్లే.

ఈ నియమములను ఒక కాగితమున వ్రాసి, నాలుగు పీఠికల బిళ్ళలను ఒకే నమూనానుండి పుట్టునట్లు శిష్యుడు ఏర్పాటు చేసెను. పని యొక్క పేరు మాత్రము మారును, తక్కినదంతయు ఒక్కటే. పరీక్షలు నడుపు ఏర్పాటును గణవిభజనకును చేసెను. ఖాళీలను తొలగించిన దోషమును దిద్దెను. బిళ్ళ నిజముగా పచ్చబడెను.

మూడు వారములు గడచినవి. ఒకనాటి రాత్రి వాడు ఫోను చేసి, యతిభాగమున నేదో చేర్చగా పరీక్ష తప్పి బిళ్ళ ఎఱ్ఱబడినదని చెప్పెను. దిద్దుటకు రెండు దినములు పట్టునట. “మాస్టరుగారూ, అందాక ఆ బిళ్ళను తీసియుంచెదనండి. నలుగురు చూచెదరు” అనెను. నలుగురు చూచుటకే గదా దానిని పెట్టినది! చెరువుకు గండి పడినప్పుడు కట్టమీద ఎఱ్ఱగుడ్డ కట్టుదుము. గండి పూడువరకు ఆ గుడ్డను దాచిపెట్టువానిని ఊరు మెచ్చుకొనదు. ఆ మాటనే వానికి చెప్పితిని. కొంతసేపు పలుకక, సరేనండి యనెను. రెండు దినములు ఆ ఎఱ్ఱబిళ్ళ అట్లే యున్నది. ఆ రెండు దినములలో నెవ్వరును వానిని నిందింపలేదు. పైగా బిళ్ళను చూచి, కారణమును వెదకి, దిద్దుబాటునకు సాయము చేసిన అపరిచితుడొకడు దొరకెను. పచ్చరంగును పూసి కూర్చుండినచో అతడు వచ్చియుండునా?

ఇక ఆ బాలిక సంగతి. ఉపాధ్యాయిని మంచి మనస్సు కలది. తరగతిలో అందరి ఎదుట నిలుచుండి, పద్యము సరియైనదే, పొరపాటు నాదేయని చెప్పి, కొట్టివేసిన పాదమును తన చేతితో మరల వ్రాసెనట. శిష్యుడు బాలిక తండ్రి అనుమతిని, ఆమె అనుమతిని పొంది, ఆ పాదమును గణవిభజన పరీక్షావాక్యములలో చేర్చెను. ఇప్పుడు ఆ ప్రోగ్రామును ఎవ్వరు ఎక్కడ నెట్లు మార్చినను, మొదట ఆ పిల్ల పాదమును తప్పులేకుండ లెక్కింపవలెను. అది తప్పినచో బిళ్ళ ఎఱ్ఱబడును. ఆమె మరల వ్రాయుచున్నదని మొన్న తెలిసినది. ఈసారి తేటగీతియట.

మీ ఇండ్లలో పిల్లలు ఫోనులోనో కంప్యూటరులోనో ఇట్టి పీఠికను మీకు చూపవచ్చును. ఆకుపచ్చను చూచి వెంటనే నమ్మవలదు. ఎరుపును చూచి వెంటనే త్రోసిపుచ్చవలదు. “దానిని నొక్కి చూపుమురా, వెనుక నేమున్నది?” అని అడుగుడు. వెనుక పరీక్షల దస్తరము, నేటి తేదీతో కనబడినచో ఆ పని చేసినవానిని విశ్వసింపవచ్చును. ఏమియు తెరచుకొననిచో, అది కంసాలివద్ద సొంతముగా చేయించుకొన్న బంట్రోతుబిళ్ళ యని గ్రహింపుడు.